కొండ సంగతి కొండవాళ్లనే అడగాలి

2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రిషిగంగ ఒక్కసారిగా విరుచుకుపడి 200 మందికి పైగా ప్రాణాలను బలిగొంది. 13.2 మెగావాట్ల రిషిగంగ జలవిద్యుత్ కేంద్రం ఊడ్చిపెట్టుకుపోయింది. దాని దిగువన ఎన్‌టీపీసీ కడుతున్న 520 మెగావాట్ల తపోవన్ విష్ణుగఢ్ ప్రాజెక్టు సొరంగాల్లోకి బురద దూసుకెళ్లడంతో లోపల పనిలో ఉన్న కూలీల్లో చాలామంది బయటపడే దారి లేక చనిపోయారు. ఈ రెండు ప్రాజెక్టుల అనుమతులు రద్దు చేయాలంటూ రైనీ గ్రామస్థులు ముగ్గురు, జోషీమఠ్ వాసులు ఇద్దరు కలిసి హైకోర్టుకు వెళ్లారు. అదే ఏడాది జూలై 14న నైనితాల్‌లోని హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టేసింది. మేం సామాజిక కార్యకర్తలమని చెప్పుకున్న వాళ్లు అందుకు ఆధారాలు చూపలేదని, వాళ్లను వెనక నుంచి ఎవరో ఆడిస్తున్నారని ధర్మాసనం అభిప్రాయపడింది. తలా రూ.10 వేలు జరిమానా కూడా వేసింది. నిజానికి రిషిగంగ ప్రాజెక్టు కోసం చేస్తున్న పేలుళ్ల మీద, నదిలో పోస్తున్న మట్టి మీద రైనీ నుంచి 2019లోనే అదే కోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. 1974లో చెట్లను కాపాడుకుని దేశం చేత శభాష్ అనిపించుకున్న చిప్కో ఊరు కూడా ఈ రైనీయే. ఒకసారి పొగడ్త దక్కింది, ఇంకోసారి జరిమానా పడింది. రెండుసార్లూ దక్కనిది ఒక్కటే, తమ కొండ మీద ఏం జరగాలో చెప్పే అధికారం. కొండ ప్రాంతాల్లో అడవుల నరికివేత, అడవుల రక్షణ, ఆనకట్టలు, రోడ్లు, వరద తర్వాత కట్టే ఇళ్లు, వీటన్నిటినీ మనం విడివిడి సమస్యలుగా చూస్తున్నాం. నాకు ఇవన్నీ ఒకే లోపం నుంచి పుట్టినవిగా కనిపిస్తున్నాయి. నిర్ణయం ఒకచోట, దాని ఫలితం అనుభవించేది మరోచోట.

చిప్కో ఉద్యమాన్ని మన పాఠ్యపుస్తకాలు చెట్లను కౌగిలించుకున్న స్త్రీల కథగా చెబుతాయి. కథ నిజమే, కానీ అది ఎక్కడ మొదలైందో చెప్పకపోవడం వల్ల దాని అర్థం మారిపోయింది. చమోలీ జిల్లా గోపేశ్వర్‌లో చండీప్రసాద్ భట్ తదితరులు నడిపిన గ్రామ స్వరాజ్య సంఘం వాళ్లు నాగళ్లు, కాడి కర్రలు చేసుకోవడానికి పది అంగూ చెట్లు ఇమ్మని అటవీశాఖను అడిగారు. అంగూ కర్ర తేలిక, గట్టి. కొండ పొలాల్లో చిన్న ఎడ్ల మెడకు అదే సరిపోతుంది. శాఖ కుదరదంది. పనికి ఆగని చీడ్ పైన్ కర్రతో సరిపెట్టుకోమంది. అదే శాఖ అలహాబాద్‌కు చెందిన సైమన్ కంపెనీకి టెన్నిస్ రాకెట్ల కోసం అంగూ చెట్లను వందల్లో కేటాయించింది. 1973 ఏప్రిల్‌లో మండల్ గ్రామస్థులు ఆ కంపెనీ మనుషులను వెనక్కి పంపడంతో ఉద్యమం పుట్టింది. మరుసటి ఏడాది మార్చి 26న రైనీలో జరిగింది దానికి కొనసాగింపు. 1962 యుద్ధం తర్వాత సైన్యం తీసుకున్న భూములకు పరిహారం ఇస్తామని మగవాళ్లను ఊళ్లో లేకుండా చమోలీకి పిలిపించిన రోజునే గుత్తేదారు కూలీలు అడవిలోకి వచ్చారు. ఊరి మహిళా మంగళ దళం పెద్ద గౌరాదేవి మరో పాతిక మందికి పైగా ఆడవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి గొడ్డళ్లకు అడ్డం నిలబడింది. నాలుగేళ్ల కింద, 1970లో అలకనందకు వచ్చిన వరద వాళ్లకు కళ్ల ముందే ఉంది. పైన చెట్లు పోతే కింద పొలం పోతుందని వాళ్లకు ఏ నిపుణుడూ చెప్పనక్కర్లేకపోయింది. అంటే చిప్కో అడిగినవి రెండు. బయటి గుత్తేదారు నరకకూడదు. తమ అవసరానికి, తమ లెక్క ప్రకారం అడవిని వాడుకునే హక్కు తమకు ఉండాలి.

ప్రభుత్వం మొదటిది ఇచ్చింది, రెండోది ఇవ్వలేదు. వృక్షశాస్త్రవేత్త వీరేంద్ర కుమార్ కమిటీ సిఫారసుతో అలకనంద ఎగువన సుమారు 1,200 చదరపు కిలోమీటర్లలో పదేళ్ల పాటు నరికివేత ఆగింది. తర్వాత వెయ్యి మీటర్ల ఎత్తుకు పైన పచ్చని చెట్టును కొట్టడమే నిషేధించారు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1982లో నందాదేవిని జాతీయ పార్కు చేసి, తరతరాలుగా గొర్రెలు తోలుకెళ్లిన రైనీ, లాతా గ్రామాల వాళ్లకు ఆ గడ్డిభూములు మూసేశారు. టిబెట్‌తో వర్తకం 1962లోనే పోయింది. ఇప్పుడు మేతా పోయింది, పర్వతారోహకుల సామాన్లు మోసి సంపాదించుకునే కూలీ కూడా పోయింది. 1980ల చివరికి ఈ కొండల్లోనే చెట్లు కొట్టే ఉద్యమాలు జరిగాయంటే మైదానాల్లో నమ్మేవాళ్లు తక్కువ. తాగునీటి గొట్టానికీ, ఊరి బాటకూ అటవీ అనుమతి రాక విసిగిపోయిన జనం కావాలని చెట్లు కొట్టి నిరసన చెప్పారు. అడవిని ప్రాణం కంటే ఎక్కువగా చూసుకున్న ప్రజల్ని ఆ స్థితికి తెచ్చింది ఆ చట్టాలు నడిచిన తీరే. దీనికి ప్రత్యామ్నాయం లేదని కూడా అనలేం. 1921లో కుమావూలో జనం ప్రభుత్వ అడవులకు నిప్పు పెట్టి తిరగబడితే, బ్రిటిష్ ప్రభుత్వమే దిగివచ్చి 1931లో వన పంచాయతీలకు నియమాలు రాసింది. ఊరి అడవిని ఊరే ఎన్నుకున్న సంఘం చూసుకుంటుంది. ఎప్పుడు గడ్డి కోయాలో, ఎవరు ఎన్ని మోపులు కట్టెలు తెచ్చుకోవాలో, తప్పు చేస్తే ఎంత జరిమానాయో ఊరే తేలుస్తుంది. ఇలాంటివి ఉత్తరాఖండ్‌లో 11 వేలకు పైగా ఉన్నాయి. పరాయి పాలకులు ఇచ్చిన ఈ అధికారాన్ని స్వతంత్ర భారతంలో 1976, 2001, 2005 నియమావళులు విడతలు విడతలుగా అటవీశాఖ చేతికి అప్పగించాయి. ఇప్పుడు ప్రణాళిక నుంచి డబ్బు ఖర్చు దాకా శాఖ సంతకం లేనిదే చాలా పంచాయతీల్లో పని కదలదు.

ఊరి మీద ఇంత పట్టు బిగించిన వ్యవస్థ పెద్ద ప్రాజెక్టుల దగ్గరకు వచ్చేసరికి వదులైపోయింది. చార్‌ధామ్ రహదారి విస్తరణనే తీసుకోండి. దాదాపు 900 కిలోమీటర్ల పొడవు, రూ.12 వేల కోట్ల అంచనా, 2016 డిసెంబరులో ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన. వంద కిలోమీటర్లు దాటిన జాతీయ రహదారి విస్తరణకు పర్యావరణ ప్రభావ అంచనా అప్పటి నిబంధనల్లో తప్పనిసరి. ఆ రహదారిని 53 ముక్కలుగా చూపడంతో ఏ ముక్కకూ అది అవసరం లేకుండా పోయింది. ఊరివాడు నాలుగు దూలాల కోసం ఏళ్లు తిరగాలి, కొండను నిట్టనిలువుగా కోసే యంత్రానికి మాత్రం అంచనా కూడా అక్కర్లేదు. జలవిద్యుత్ విషయంలోనూ అంతే. 2013 కేదార్‌నాథ్ విలయం తర్వాత సుప్రీంకోర్టు ఆదేశంతో రవి చోప్రా అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. పరిశీలించిన 24 ప్రాజెక్టుల్లో 23 వద్దని అది 2014లో చెప్పింది. జలవిద్యుత్ ప్రాజెక్టులు వరద నష్టాన్ని పెంచాయని అదే ఏడాది డిసెంబరులో కేంద్ర పర్యావరణశాఖ స్వయంగా సుప్రీంకోర్టు ముందు ఒప్పుకుంది. అయినా 2021 ఆగస్టులో, అంటే తపోవన్ సొరంగంలో కూలీలు చనిపోయిన ఆరు నెలలకే, ఏడు ప్రాజెక్టులు పూర్తి చేయవచ్చని కేంద్రం అదే కోర్టులో ప్రమాణపత్రం వేసింది. ఆ ఏడింటిలో తపోవన్ విష్ణుగఢ్ కూడా ఉంది. నిపుణులు హెచ్చరించారు, శాఖ తప్పు ఒప్పుకుంది, నది వచ్చి చూపించింది. మూడూ ఒక్క నిర్ణయాన్ని మార్చలేకపోయాయి. ఎందుకంటే ఆ నిర్ణయానికి జవాబు చెప్పాల్సిన వాళ్లెవరూ ఆ లోయలో ఉండరు.

అధికారం పక్కన సమాచారం కూడా ఉంటుంది. జోషీమఠ్ పట్టణం పాత కొండచరియల శిథిలం మీద నిలిచి ఉందని, బరువైన నిర్మాణాలు, పేలుళ్లు, వాలులో బండరాళ్లు తీయడం మానాలని 1976లోనే గఢ్వాల్ కమిషనర్ మిశ్రా కమిటీ రాసింది. ఆ తర్వాత పట్టణం చుట్టూ ఏం కట్టారో అందరికీ తెలుసు. 2009 డిసెంబరులో తపోవన్ విష్ణుగఢ్ సొరంగం తవ్వే యంత్రం భూగర్భ జలాశయాన్ని చీల్చడంతో రోజుకు కోట్ల లీటర్ల నీరు బయటకు పోయింది. 2023 జనవరిలో పట్టణం కుంగి 860కి పైగా కట్టడాలు బీటలు వారాయి. తమ సొరంగానికీ పగుళ్లకూ సంబంధం లేదని ఎన్‌టీపీసీ చెప్పింది. అది నిజమా కాదా తేల్చాల్సింది బహిరంగంగా, అందరి ముందు కదా? మన హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలు చూసి, 2022 డిసెంబరు 27 నుంచి 12 రోజుల్లో జోషీమఠ్ 5.4 సెంటీమీటర్లు కుంగిందని ప్రకటించింది. రెండు మూడు రోజుల్లో ఆ నివేదిక వెబ్‌సైటులో కనిపించకుండా పోయింది. పత్రికలతో మాట్లాడవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శాస్త్రీయ సంస్థలకు ఉత్తరం రాసింది. మన ఉప్పల్‌లో ఉన్న భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐతో సహా ఎనిమిది సంస్థలు చేసిన అధ్యయనాలు నెలల తరబడి బయటికి రాలేదు. అవి దాచడానికి కారణం కనిపించడం లేదని సెప్టెంబరులో హైకోర్టు అన్నాకే వెలుగు చూశాయి. గోడకు పగులు వచ్చిన ఇల్లాలికి తన ఇంటి కింద నేల ఎంత దిగిందో తెలియకూడదా? ప్రజలు భయపడతారని దాచామన్నది అధికారుల సమర్థన. ఇల్లు వదిలి హోటల్ గదిలో, బడి గదిలో తలదాచుకున్న వాళ్లను ఇంకా భయపెట్టగలిగింది ఏమీ తెలియకపోవడమే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. హిమాలయాలు యవ్వనంలో ఉన్న పర్వతాలు, హిమానీనదాలు కరుగుతున్నాయి, ఆనకట్టలు లేకపోయినా వరదలు వచ్చేవే అంటారు. వాస్తవమే. 2021లో రోంటీ శిఖరం నుంచి మంచు, రాయి కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు విరిగిపడ్డాయి. దాన్ని ఏ గ్రామసభా ఆపలేదు. కానీ ఆ దారిలో వందల మందిని నిలబెట్టింది కొండ కాదు. ఎగువన ఏం జరిగినా దిగువకు కూత వినిపించే ఏర్పాటు కూడా లేకుండా వాళ్లను నది గర్భంలో పనికి దింపిన వాళ్లు ఉన్నారు. ఈ భేదాన్ని న్యాయస్థానం ఒకసారి గుర్తించింది కూడా. 2013లో శ్రీనగర్ అనే గఢ్వాల్ పట్టణంలో, అలకనంద ఒడ్డున జలవిద్యుత్ ప్రాజెక్టు పోసిన మట్టిగుట్టలను వరద మోసుకొచ్చి ఇళ్ల మీద పరిచింది. అది దైవఘటన అని కంపెనీ వాదించింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ వాదన తోసిపుచ్చి 2016 ఆగస్టులో రూ.9.26 కోట్లు బాధితులకు కట్టమంది. ఆ 330 మెగావాట్ల ప్రాజెక్టు హైదరాబాద్‌కు చెందిన జీవీకే గ్రూపుది. 2023 నవంబరులో కూలి 41 మంది కూలీలను 17 రోజులు లోపల బంధించిన సిల్క్యారా సొరంగం తవ్విన నవయుగ కూడా హైదరాబాద్ సంస్థే. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ దారిలో చిక్కుకున్న వాళ్లలో మన యాత్రికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అందుకే ఇది ఎక్కడో దూరాన ఉన్న కొండల గొడవ అని తెలుగువాళ్లం అనుకోవడానికి లేదు. మన పెట్టుబడి, మన ఇంజనీర్లు, మన భక్తి అన్నీ ఆ లోయల్లోనే ఉన్నాయి.

విపత్తు తర్వాత ఏం తిరిగి కట్టారో చూస్తే ఎవరి అవసరాన్ని ముందు లెక్కలోకి తీసుకున్నారో తెలుస్తుంది. కేదార్‌నాథ్‌లో ఆలయ ప్రాంగణం, వెడల్పాటి దారి, నదికి గోడలు త్వరగానే లేచాయి. 2021 నవంబరులో ఆదిశంకరుల విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. యాత్ర ఆగితే ఆ జిల్లాల్లో లక్షల మంది పొట్ట గడవదు కాబట్టి ఆలయాన్ని ముందు కట్టడం తప్పని నేను అనను. అయితే నివాసయోగ్యం కాదని ప్రభుత్వమే జాబితా కట్టిన ఊళ్లు వందల్లో ఉన్నాయి, వాటి తరలింపు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. కారణం అడిగితే భూమి లేదంటారు. రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు 71 శాతం అటవీ భూమిగా నమోదైంది. మిగిలిన దాంట్లో ఇప్పటికే ఊళ్లూ పొలాలూ ఉన్నాయి. కాబట్టి ప్రమాదంలో ఉన్న ఊరిని కదపాలంటే అటవీ భూమి తీసుకోవాలి, దానికి కేంద్రం అనుమతి, పరిహార వనీకరణ, ఏళ్ల తరబడి ఫైళ్లు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపు దేశభద్రత రోడ్లు, లైన్లకు ఈ అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చారు. ఉత్తరాఖండ్ కొండల్లో చాలా భాగం ఆ వంద కిలోమీటర్ల లోపే ఉంది. అంటే అదే కొండ మీద రోడ్డుకు అడవి అడ్డం కాదు, ఇల్లు కూలిన కుటుంబానికి మాత్రం అడ్డమే. ఇక కదిలించలేని చోట మనుషులే కదిలి వెళ్లిపోతున్నారు. 2011 జనగణన తర్వాత 734 గ్రామాలు పూర్తిగా ఖాళీ అయ్యాయని రాష్ట్ర వలసల కమిషన్ 2018లో లెక్క తేల్చింది. అడవిలో నిప్పు లేచినప్పుడు పచ్చికొమ్మలు పట్టుకుని ముందు పరుగెత్తేది ఊరివాళ్లే. ఊళ్లు ఖాళీ అయిన చోట రాలిన పైన్ ఆకులు ఎత్తేవాళ్లు లేక వేసవి మంటలు సులువుగా వ్యాపిస్తున్నాయి.

దేశ రక్షణ అనే మాట వచ్చాక మాట్లాడటానికి చాలామంది వెనకాడతారు. చైనా సరిహద్దుకు ట్యాంకులు, క్షిపణులు చేరాలంటే రెండు వరుసల రోడ్డు కావాలని రక్షణశాఖ చెప్పడంతో సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 14న అనుమతించింది. 5.5 మీటర్ల వెడల్పు చాలన్న రవి చోప్రా ఆ తర్వాత చార్‌ధామ్ రహదారి కమిటీ నుంచి తప్పుకున్నారు. సైన్యం అవసరాన్ని నేను తక్కువ చేయను. కానీ వానాకాలంలో ఎక్కడ కొండ జారితే అక్కడ వారాల తరబడి మూసుకుపోయే వెడల్పాటి రోడ్డు కంటే, ఏడాది పొడవునా తెరిచి ఉండే కొంచెం ఇరుకు రోడ్డు సైన్యానికే మేలు కదా! ఏ వాలు జారుతుందో, ఏ ఊట ఎటు పారుతుందో అక్కడ కాలినడకన తిరిగే వాళ్లను అడిగి గీసిన దారి ఎక్కువ రోజులు నిలుస్తుంది. కరెంటు సంగతీ అంతే. బొగ్గు కంటే నీటి కరెంటు నయమనే మాట సాధారణంగా నిజం. తపోవన్ విష్ణుగఢ్ పని 2006లో మొదలైంది. ఇన్నేళ్లకూ దాని నుంచి ఒక్క యూనిట్టూ రాలేదు.

గట్టి అభ్యంతరం మరొకటుంది. కొండవాళ్లకే రోడ్లు కావాలి, హోటళ్లు కావాలి, వాళ్లకు అధికారం ఇస్తే వాళ్లే కొండను అమ్ముకుంటారని అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. భాగీరథి ఎగువన 2012లో ప్రకటించిన సుమారు 4,180 చదరపు కిలోమీటర్ల పర్యావరణ సున్నిత మండలాన్ని అక్కడి చాలామంది వ్యతిరేకించారు. 2025 ఆగస్టు 5న ఖీర్‌గాడ్ వాగు ముంచేసిన ధరాలీ బజారు ఆ వాగు పూర్వం తెచ్చి పోసిన మేట మీదే లేచింది. ఆ హోటళ్లు కట్టుకున్నది చాలావరకు స్థానికులే. కానీ వాళ్లకు దొరికిన బతుకుదెరువులు ఎన్ని? అడవి మూసేశారు, మేత మూసేశారు. యాపిల్, రాజ్మా పండినా గిట్టుబాటుకు అమ్మే దారులు తక్కువ. యాత్రా రోడ్డు పక్కన గది కట్టడం ఒక్కటే బ్యాంకు అప్పు ఇచ్చే, ప్రభుత్వం ప్రోత్సహించే పనిగా మిగిలింది. సున్నిత మండలం ప్రకటన కూడా వాళ్ల మీద పైనుంచి పడింది, అందులో తమకు ఏం ఒరుగుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తమను అడగకపోతే ప్రజలు వ్యతిరేకిస్తారు, అందులో వింతేమీ లేదు. గ్రామసభలు తప్పు నిర్ణయాలు కూడా చేస్తాయి. అయితే వాళ్ల తప్పు వాళ్ల ఇంటి ముందుకే వస్తుంది కాబట్టి రెండోసారి చేయడం కష్టం. డెహ్రాడూన్, ఢిల్లీ తప్పులు చేసినవాళ్ల ఇళ్ల ముందుకు ఇంతవరకు రాలేదు.

గ్రామసభను అడిగితే దేశం ఆగిపోతుందని భయపడే వాళ్లు నియమ్‌గిరిని గుర్తు చేసుకోవాలి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒడిశాలోని ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకాన్ని గ్రామసభలకే వదిలింది. పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది, దేశం నడుస్తూనే ఉంది. మన అనంతగిరి మండలం బొర్రా గుహల ప్రాంతం నుంచి వెళ్లి 1997లో గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు గనులను ఆపిన సమతా తీర్పు సాధించుకున్న గిరిజనులకు కనీసం అయిదో షెడ్యూలు అండ ఉంది. ఉత్తరాఖండ్ కొండవాళ్లకు ఆ షెడ్యూలూ లేదు, షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టమూ వర్తించదు. వాళ్లకున్న ఒకే ఒక్క పాత ఆధారం వన పంచాయతీ. దానికి తన పరిధిలోని వాలు మీద సొరంగానికి, పేలుడుకు, మట్టి పోయడానికి అంగీకారం చెప్పే అధికారం ఇవ్వాలి. ఉపగ్రహ చిత్రాలు, భూగర్భ నివేదికలు సిద్ధమైన రోజే హిందీలో ఆ పంచాయతీ ముందు పెట్టాలి. కదలక తప్పని ఊరికి దేశభద్రత రోడ్డుకు ఇచ్చిన మినహాయింపే ఇచ్చి, ఎక్కడికి వెళ్లాలో ఆ ఊరినే ఎంచుకోనివ్వాలి. ధరాలీని మళ్లీ ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. పార్లమెంటు సవరణ కోరే అంశం అటవీ భూమి మినహాయింపు ఒక్కటే. వన పంచాయతీ నియమావళిని రాసేదీ మార్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే, దానికి డెహ్రాడూన్ ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.